మూడో గేరు కూత

సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి, అందరూ కాఫీ కప్పులతో కూర్చున్నాక, ఇల్కా తన కంప్యూటర్ తెరని గోడ మీద పడేలా పెట్టాడు.

"ఇవి ఎస్కార్ట్ కారు శబ్దాలు," అన్నాడు. "గురువారం నాలుగింటికి పని ముగించి ఇంటికెళ్ళాను. ఐదూ నలభైకి ఎవరో ఫైలు తెరిచారు. గేరు కూత మార్చారు. నన్నడగలేదు. తరవాతైనా చెప్పలేదు."

గోడ మీద మార్పుల జాబితా ఉంది. ఏ ఫైలు, ఏ రోజు, ఎన్నింటికి, ఎవరు. చివరి గడిలోని పేరు ఇల్కా చదవలేదు. చదవక్కర్లేకుండానే గదిలో ఉన్న పదకొండు మందికీ కనపడుతోంది.

కైసు కిటికీ పక్క కుర్చీలో ఉంది. చేతిలో సగం తిన్న యాలకుల బన్ను. దాన్ని కాగితం రుమాలు మీద పెట్టి, వేళ్ళకంటిన చక్కెర తుడుచుకుంది.

"నేనే," అంది.

"ఎందుకు?"

"చిన్న సర్దుబాటు."

"చిన్న సర్దుబాటా! నువ్వు టైర్లు చూసుకుంటావు, స్ప్రింగులు చూసుకుంటావు. కారు మలుపులో ఎలా జారాలో నువ్వు చెబుతావు. నీ స్ప్రింగు మెత్తగా ఉందని నేనెప్పుడైనా నీ వెనకాల వచ్చి బిగించానా?"

కైసు పక్కన కూర్చున్న ఆర్తో గొంతు సవరించుకున్నాడు. ఆ చిన్న కంపెనీ అతనిదే. ఇళ్ళలో స్టీరింగూ పెడళ్ళూ బిగించుకుని నిజం కారు నడిపినట్టే నడిపేవాళ్ళ కోసం ర్యాలీ సిమ్యులేటర్ తయారుచేస్తారు వాళ్ళు. అతనేదో చెప్పబోయి, ఎందుకో కాలు వెనక్కి లాక్కుని, కప్పులోకి చూశాడు.

"కైసూ, నువ్వు చెప్పేదేమైనా ఉందా?"

"లేదు. అడక్కుండా ముట్టుకోవడం తప్పే."

"అయితే..." ఆర్తో ఇష్టంలేని మందు మింగుతున్నవాడిలా అన్నాడు, "ఇకనించి శబ్దాల ఫోల్డరు ఇల్కా ఒక్కడికే తెరుచుకుంటుంది. సరేనా?"

ఎవరూ పలకలేదు. సాధారణంగా ఆ సోమవారం సమావేశాల్లో ఎవరూ పెద్దగా మాట్లాడరు. కానీ ఆ రోజు మౌనం వేరుగా ఉంది. అందరూ తన పక్షమే అనుకున్నాడు ఇల్కా. తెర ఆర్పేసి, కాఫీ తాగడానికి వెళ్ళాడు.

వెనక్కి వచ్చేసరికి సగం బన్ను ఇంకా రుమాలు మీదే ఉంది. కైసు లేదు.

ఆ రోజంతా ఇల్కా తన గదిలోనే గడిపాడు. గోడలకి మందపాటి గోధుమరంగు నురుగు పలకలు అతికించిన చిన్న గది అది. గేరు కూత తను పెట్టిన చోటికి తెచ్చుకున్నాడు. తరవాత మొత్తం ఎస్కార్ట్‌ని మొదటినించీ విన్నాడు. యాక్సిలరేటరు తొక్కినప్పటి ఇంజను వేరు, వదిలినప్పటి ఇంజను వేరు. వెయ్యి తిరుగుళ్ళ దగ్గర ఒక ముక్క, వెయ్యిన్నర దగ్గర ఒక ముక్క, అలా ఎనిమిది వేల దాకా. ఒక ముక్కలోంచి ఇంకో ముక్కలోకి జారేటప్పుడు అతుకు వినపడకూడదు. పొగగొట్టం దగ్గర పెట్టిన మైకు, ఇంజను పక్క మైకు, డ్రైవరు తల వెనక మైకు, మూడింటినీ కలిపే పాళ్ళు అతనికి తప్ప ఎవరికీ తెలియవు. కళ్ళు మూసుకుని, కుడి పాదంతో యాక్సిలరేటరు తొక్కినట్టు నేలని నొక్కుతూ వింటాడు. నాలుగు వేల దగ్గర మూడో సిలిండరు కాస్త కుంటుతుంది. అసలు కారులోనూ అలాగే కుంటింది. దాన్ని అతను సరిచేయలేదు. బతికున్న ఇంజను కొంచెం కుంటాలి.

మంగళవారం మధ్యాహ్నం ఆ ఎస్కార్ట్‌ని బయటి పరీక్షకులకి పంపారు. వాళ్ళు రెండు వందల మంది. జీతం లేకుండా, ఆటంటే పిచ్చితో ముందుగా ఆడి మంచీ చెడూ రాసేవాళ్ళు.

బుధవారం పొద్దున్నకి జవాబులు వచ్చాయి. ఇల్కా చలికోటు విప్పకుండానే చదివాడు.

"ఇంజను అద్భుతం. కానీ మూడో గేరులో ఆ ఈల ఏమిటి బాబూ? పళ్ళు జివ్వుమంటున్నాయి."

"పది నిమిషాలు నడిపాను, తలనొప్పి పట్టుకుంది."

"మా కుక్క మూడో గేరు వెయ్యగానే లేచి బయటికి పోతోంది. నాలుగో గేరుకి తిరిగొస్తోంది. నా గేర్లు కుక్కే చెబుతోంది."

అలాంటివి ముప్ఫై ఎనిమిది. ఇల్కా చిన్నగా నవ్వాడు. చౌకరకం హెడ్‌ఫోన్లు, వాటికి పై శబ్దం ఎక్కువ కొడుతుంది, అనుకున్నాడు. తన హెడ్‌ఫోన్లు పెట్టుకుని మూడో గేరులో లాగాడు. గరగరమనే ఇంజను, దాని మీద సన్నగా పాకే గేరు కూత. బాగుంది. మళ్ళీ లాగాడు. చెవిలో గుచ్చేది ఏదీ లేదు.

అప్పుడు తెర మీద శబ్దం బొమ్మ తెరిచాడు. ఏ ఎత్తులో ఎంత శబ్దం ఉందో కొండల వరసలా చూపించే బొమ్మ. మామూలుగా దాన్ని అతను తెరవడు. చెవి ఉండగా కంటితో పనేంటి అనేవాడు. ఎడమ పక్క ఇంజను కొండలు, మధ్యలో కూత, కుడి పక్కకి పోయేకొద్దీ నేల చదునవ్వాలి. కానీ కుడి పక్క, ఏడు వేల హెర్ట్జ్ దగ్గర, ఇంజను కంటే ఎత్తుగా ఒక కొమ్ము నిలబడి ఉంది.

ఇల్కా ఆ కొమ్ముని చాలాసేపు చూశాడు. తరవాత ఇంజను ఆపేశాడు. టైర్లు ఆపేశాడు. గాలి ఆపేశాడు. గేరు కూత ఒక్కటే ఉంచి, ఐదు వేల కింద ఉన్నదంతా కోసేశాడు. ఇక మిగిలింది ఆ కొమ్మే. మీట నొక్కాడు.

కొలత పట్టీ పచ్చరంగు దాటి, పసుపు దాటి, ఎరుపులోకి ఎగిరింది. పడింది. మళ్ళీ ఎగిరింది.

అతనికి ఏమీ వినపడలేదు.

హెడ్‌ఫోన్ల తీగ చూశాడు. బిగించే ఉంది. స్పీకర్లకి మార్చాడు. పట్టీ ఎరుపులో గంతులేస్తూనే ఉంది, గదిలో చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. అప్పుడు తలుపు తెరుచుకుంది. అడవులూ రోడ్లూ బొమ్మలు గీసే సౌలి, రెండు చెవులూ మూసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇల్కా, నీకు పుణ్యముంటుంది, ఆపు!"

ఇల్కా ఆపాడు. పట్టీ కిందికి పడింది. సౌలి ముఖం తేటపడ్డం చూసి గానీ శబ్దం ఆగిందని అతనికి తెలియలేదు.

"క్షమించు," అన్నాడు. "ఏదో పరీక్షిస్తున్నాను."

సౌలి ఇంకేదో అనాలనుకున్నట్టు ఒక నిమిషం నిలబడి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో మిర్యా చేపల కూర ఓవెన్‌లో పెట్టి పేపరు చదువుతోంది. ఇల్కా చొక్కా చేతులు మడుచుకుని ఓవెన్ ముందు ముక్కాలిపీట మీద కూర్చున్నాడు.

"అదెందుకక్కడ కూర్చున్నావు?" అంది భార్య.

"టైము అవగానే ఇది కూస్తుంది కదా."

"కూస్తుంది."

"నేనెప్పుడైనా విని ఆపానా?"

మిర్యా పేపరు దించింది. ఓవెన్ అద్దంలో దీపం ఆరిపోయింది. ఇల్కా తల తిప్పి చూస్తే, మిర్యా అప్పటికే లేచి వస్తోంది.

"ఇప్పుడు కూస్తోందా?" అన్నాడు.

"ఆఁ, కూస్తోంది."

ఆమె మీట నొక్కి దాన్ని ఆపింది. పళ్ళెం బయటికి తీసి, చేతిగుడ్డ తీయకుండానే ఒక చెయ్యి అతని భుజం మీద వేసింది. "జ్వరం చూసుకునే పుల్ల కూత కూడా నీకు వినపడదు. ఎప్పుడూ 'ఇంకా అవలేదు' అంటావు. పరధ్యానం అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను."

గురువారం పొద్దున్నే చెవుల పరీక్షకి వెళ్ళాడు. గాజు తలుపున్న పెట్టెలాంటి గదిలో కూర్చోబెట్టి, చేతికి ఒక మీట ఇచ్చారు. వినపడినప్పుడల్లా నొక్కమన్నారు. మొదట్లో నొక్కుతూనే ఉన్నాడు. తరవాత నొక్కడాల మధ్య ఎడం పెరిగింది. గాజు వెనకాల పరీక్ష చేసే ఆమె వేలు కదలడం కనిపించింది. వేలు కదిలినప్పుడు నొక్కితే ఎవరికీ తెలియదు అని ఒక్క క్షణం అనిపించింది. కళ్ళు మూసుకున్నాడు.

"కుడి చెవి ఐదు వేల దాకా పరవాలేదు," అందామె, కాగితం మీద కిందికి జారిపోయిన గీత చూపిస్తూ. "ఎడమది నాలుగున్నర దాకా. ఆ పైన చాలా తక్కువ. వయసు కొంత, పెద్ద శబ్దాల పక్కన నిలబడ్డం కొంత."

"తిరిగొస్తుందా?"

"రాదండీ. ఉన్నదాన్ని జాగ్రత్తగా చూసుకోవాలి. మాటలు వినడానికి మీకేం ఇబ్బంది ఉండదు. ఇంతకీ మీరేం పని చేస్తారు?"

"శబ్దాలు చేస్తాను," అన్నాడు ఇల్కా.

ఆమె రాస్తున్న పెన్ను పక్కన పెట్టేసింది.

ఆఫీసుకి నడిచే వెళ్ళాడు. మార్చి నెల మంచు కాలిబాట పక్కన బూడిదరంగు కుప్పలై కరుగుతోంది. చూరుల నించి నీళ్ళు కారుతున్నాయి. అవి వినపడుతున్నాయి. బస్సు వినపడుతోంది. కాళ్ళకింద కంకర వినపడుతోంది. అన్నీ ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకుంటూ నడిచాడు, జేబులో తాళాలు ఉన్నాయో లేవో తడుముకునేవాడిలా.

గదిలోకి వెళ్ళి మార్పుల జాబితా తెరిచాడు. సోమవారం అందరికీ చూపించింది పైన ఉన్న ఒక్క వరసే. అది కూడా వేరే పని మీద జాబితా తెరిస్తే కంటపడింది, అప్పుడు కిందికి జరిపి చూడాలని తోచలేదు. ఇప్పుడు జరిపాడు. గత నవంబరు. అంతకు ముందు సెప్టెంబరు. ఆ వేసవిలో నాలుగుసార్లు. ప్రతిదీ అతను ఇంటికెళ్ళాకే. ప్రతిదాని పక్కనా అదే మాట: చిన్న సర్దుబాటు. రెండేళ్ళలో ఇరవయ్యారు.

ఒక్కొక్కటే తెరిచి, ముందూ వెనకా బొమ్మలు పక్కపక్కన పెట్టి చూశాడు. బ్రేకుల కీచు మీద ఒక కొమ్ము తీసేసింది. గాలి హోరులో ఒక ముల్లు తీసేసింది. ఒకచోట తీయలేదు, కలిపింది. మంచు మీద మేకుల టైర్ల చిటపట అతను బొత్తిగా వెయ్యని చోట సన్నగా పోసింది. పోయిన ఏడాది ఒక పత్రిక వాళ్ళ ఆటని మెచ్చుకుంటూ ప్రత్యేకంగా రాసింది ఆ చిటపట గురించే. ఇల్కా పేరు రాసింది. ఆ ముక్క కత్తిరించి అతను తలుపు లోపలి పక్క అంటించుకున్నాడు.

ఐదు వేల కింద, అతనికి వినపడే చోట, ఇరవయ్యారు మార్పుల్లో ఒక్క గీత కూడా కదలలేదు.

తలుపు మీది పత్రిక ముక్కలో తన పేరు చూశాడు. దాన్ని పీకి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

శుక్రవారం గడ్డకట్టిన సరస్సు మీద రికార్డింగు. నెల కిందటే అనుకున్నది. మేకుల టైర్లు మంచుగడ్డ మీద ఎలా పలుకుతాయో కొత్తగా పట్టుకోవాలి. ఈ వారం దాటితే మంచు కారుని మొయ్యదు. కారు ఉర్హో అనే ముసలాయనది, డెబ్బైల నాటి ఎర్ర ఎస్కార్ట్. నడపాల్సింది కైసు. ఆదివారాల్లో పాత కార్ల పందేల్లో తిరిగిన మనిషి, వాళ్ళలో ఆమెకున్నంత ఒడుపు ఎవరికీ లేదు.

ఊరి నించి గంట ప్రయాణం. వ్యాన్‌లో ఇద్దరే. ఇల్కా మూడుసార్లు మొదలుపెట్టబోయాడు. మూడుసార్లూ కైసు గాలి వచ్చే మీటనో, అద్దాన్నో సర్దింది. దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగి ఆమె రెండు కాఫీలు తెచ్చింది. ఒకటి అతనికిచ్చింది, ముఖం చూడకుండా.

ఒడ్డున ఉర్హో బొచ్చుటోపీ పెట్టుకుని, మంచులో కన్నాలు తవ్వే బరమా భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు.

"మంచు మందం నలభై రెండు సెంటీమీటర్లు," అన్నాడు. "పొద్దున నాలుగుచోట్ల తవ్వి చూశాను. ఆ జెండా దాటి మాత్రం పోకమ్మా, అక్కడ వాగు కలుస్తుంది, మంచు పలచన." తరవాత ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఏంటి, ఇద్దరూ మూగనోము పట్టారా? పోయినసారి వచ్చినప్పుడు మీ వాగుడికి నా కుందేళ్ళు పారిపోయాయి."

"పనుంది ఉర్హో," అంది కైసు.

ఇల్కా మంచు మీద మోకాళ్ళ మీద కూర్చుని మైకులు కట్టాడు. వెనక చక్రం పక్కన ఒకటి, బొచ్చు తొడుగు వేసి. కారు అడుగున ఒకటి. డ్రైవరు సీటు వెనక ఒకటి. అవి పట్టినది రేడియో మీద వ్యాన్ దగ్గరి రికార్డరుకి చేరుతుంది. చలికి తీగలు పుల్లల్లా బిగుసుకున్నాయి. వాటిని చంకలో వేడిచేసి, చుట్టలు విప్పి, అంటుపట్టీతో అంగుళం అంగుళం అతికించాడు. కైసు హెల్మెట్ పెట్టుకుని ఎక్కింది. అతను రికార్డరు పెట్టె ముందు కూర్చుని చెయ్యెత్తాడు.

కారు కదిలింది. చెవుల్లో మంచు పలికింది. కింద ఎక్కడో సరస్సంతా ఒక పెద్ద డోలులా గుమ్మన్నది. ఆ గుమ్ము మీద ఇంజను. మలుపులో కారు పక్కకి జారినప్పుడు మేకులు మంచుని చెక్కే కరకర. అంతవరకూ అతనికి అందింది. పెట్టె మీద కొలత పట్టీలు అంతకంటే ఎక్కువే చెబుతున్నాయి. ఆ ఎక్కువలో మంచి ఎంతో చెడు ఎంతో అతనికి తెలీదు.

ఆరు చుట్లయ్యాక కైసు వచ్చి ఆపింది. హెల్మెట్ తీసి, చెమటకి అంటుకున్న జుట్టు వెనక్కి తోసుకుంది.

"వచ్చిందా?"

ఇల్కా హెడ్‌ఫోన్లు తీసి ఆమెకి అందించాడు. పద్దెనిమిదేళ్ళ పనిలో వాటిని అతనెవరికీ ఇవ్వలేదు.

"నువ్వు విని చెప్పు," అన్నాడు. "ఐదు వేల పైన నాకేమీ వినపడదు. నిన్న పరీక్ష చేయించుకున్నాను."

కైసు హెడ్‌ఫోన్లు పట్టుకుని అలాగే నిలబడింది. ఆమె ఊపిరి తెల్లగా పైకి పోతోంది. తరవాత వాటిని పెట్టుకుని, మంచు మీద గొంతుక్కూర్చుని, మొదటినించీ విన్నది. మధ్యలో కనుబొమలు ముడిచింది.

"ఒక ఈల వస్తోంది. సన్నగా, దోమలాగా. మొదటినించీ ఉంది."

"ఏ మైకులో?"

"చక్రం దగ్గరది."

ఇల్కా రికార్డరుకి ఆ మైకు శబ్దం తెచ్చే తీగ వెంటే వెళ్ళాడు. వ్యాన్ బ్యాటరీ నించి కరెంటు మార్చే పెట్టె మీదుగా పోతోంది తీగ. దాన్ని జరిపాడు. కైసు ఇప్పుడు ఆ మైకుని నేరుగా వింటూ వేలెత్తి, ఇంకా, ఇంకా అన్నట్టు ఊపి, చప్పున పిడికిలి మూసింది.

"పోయింది."

"నేనొక్కణ్ణే వచ్చి ఉంటే ఆ దోమని ఇంటికి పట్టుకెళ్ళేవాణ్ణి," అన్నాడు ఇల్కా. "రికార్డింగంతా బూడిదలో పోసిన పన్నీరయ్యేది. మళ్ళీ మంచు వచ్చే ఏడాదే."

కైసు నవ్వలేదు. హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకుంది.

"ఇరవయ్యారూ చూశాను," అన్నాడతను.

"ఊఁ."

"ఎందుకు చెప్పలేదు? సోమవారం అంతమందిలో నేను నిన్ను... ఒక్క మాట అంటే సరిపోయేది. 'ఇల్కాకి వినపడదు' అంటే సరిపోయేది."

"అంతమందిలోనా?"

ఇల్కా రికార్డరు మూత వేసి, మళ్ళీ తీశాడు.

"నొప్పి కలగలేదని అనను," అంది కైసు. "మంగళవారం నీ గది ముందునించి పోవాల్సొచ్చి, చుట్టూ తిరిగి పోయాను. నీ మీద కోపం. నా మీదా కోపం. నీ పని నీకు తెలియకుండా ముట్టుకోవడం తప్పే. అది ఊరికే అనలేదు. ప్రతిసారీ ఈసారి చెప్పేద్దామనే అనుకున్నాను. వచ్చి చూస్తే నువ్వు కళ్ళు మూసుకుని, నేల మీద యాక్సిలరేటరు తొక్కుతూ ఉంటావు. నోరు రాదు."

"అందుకని?"

"అందుకని ఏంటి! ఆ ఇంజను ఎవరు చేస్తారు ఇల్కా? ఆ కుంటే మూడో సిలిండరు నాకు వినపడదు, తెలుసా? ఎంతసేపు విన్నా నాకు నాలుగూ ఒకటే. నీకు తప్ప ఎవరికీ రాదది. పైన ఎక్కడో చిన్న ముల్లుంది, అంతే. నేను తీసేస్తే సరిపోతుంది. ముల్లు గుచ్చుకుందని నీతో చెబితే నువ్వు కాలు తీయించుకుంటావు. నీ సంగతి నాకు తెలీదా?"

ఇల్కా నిన్న పొద్దున్న పరీక్ష గది నించి నడిచి వస్తూ, రాజీనామా ఉత్తరంలో మొదటి వాక్యం ఏం రాయాలా అని ఆలోచించాడు. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేదనిపించింది. తల దించుకుని, వేళ్ళకి అంటుకున్న పట్టీ ముక్క పీకుతూ ఉండిపోయాడు.

"కైసూ," అన్నాడు చివరికి. "నాకిలాంటివి చెప్పడం రాదు."

"చెప్పకు. మళ్ళీ ఆరు చుట్లు తిరగాలి, ఎండెక్కితే మంచు మెత్తబడుతుంది."

ఆమె హెల్మెట్ పెట్టుకుంది. ఉర్హో ఒడ్డు మీద నించి అరిచాడు, "నోము చెల్లించుకున్నట్టున్నారే! రండి, సాసేజీలు కాలుస్తున్నాను!"

"ఆరు చుట్లయ్యాక!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు.

సోమవారం తొమ్మిదింటికి ఇల్కా మళ్ళీ తన తెరని గోడ మీదికి వేశాడు. ఈసారి నిలబడే ఉన్నాడు. చేతిలో కాఫీ లేదు. శని, ఆదివారాలు రెండూ కూర్చుని ఏం మాట్లాడాలో రాసుకున్న కాగితం ఉంది, కానీ దాన్ని విప్పలేదు.

"పోయిన వారం ఇక్కడ ఒక వరస చూపించాను," అన్నాడు. "మిగతా ఇరవయ్యయిదూ చూపించలేదు."

జాబితా కిందికి జరుపుతూ ఒక్కొక్కటీ చదివాడు. ఏ కారు, ఏ శబ్దం, ఏం తీసింది, ఏం కలిపింది. ఆరేడు నిమిషాలు పట్టింది. కైసు కిటికీలోంచి బయటికి చూస్తోంది, చెవులు ఎర్రబడి. ఇల్కా జేబులోంచి పత్రిక ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. "ఇందులో మెచ్చుకున్నది ఆమె పనిని. పేరు నాది పడింది." తరవాత ఊపిరి తీసుకున్నాడు. "నాకు పై శబ్దాలు వినపడవు. గురువారం డాక్టరు కాగితం ఇచ్చారు. బాగుపడేది కాదు. ఎన్నాళ్ళనించో తెలీదు. నాకు తెలియకపోవడం వల్ల మీకందరికీ..."

ఆగాడు. ఎవరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. ఒకరు చెంచా తిప్పుతున్నారు. ఒకరు మేజోడు చూసుకుంటున్నారు. సౌలి గెడ్డం గోక్కున్నాడు.

"మాకు తెలుసు, ఇల్కా," అన్నాడు.

"ఏం తెలుసు?"

"అదే. రెండేళ్ళనించీ. కైసు మొదలుపెట్టకముందు ఒక వారం మేమంతా చెవుల్లో దూది పెట్టుకుని ఆడాం. నువ్వడిగితే చలి అని చెప్పాం. జూన్ నెలలో."

ఎవరో ఫక్కున నవ్వి, నోరు మూసుకున్నారు. ఇల్కా ఆర్తో వైపు తిరిగాడు.

"నీకూ తెలుసా?"

"తెలుసు," అన్నాడు ఆర్తో. "ఎలా చెప్పాలో తెలీలేదు. పోయిన సోమవారం చెప్పేద్దామని నోరు తెరిచాను. కైసు బల్ల కింద నా కాలు తొక్కింది. చలికాలం బూటు. ఇంకా నల్లగానే ఉంది, చూస్తావా?"

ఇప్పుడు అందరూ నవ్వారు, కైసు కూడా. ఇల్కా నవ్వలేదు. కుర్చీ వెనక భాగం పట్టుకుని నిలబడ్డాడు. వారం కిందట ఇదే గదిలో ఉన్న మౌనం గుర్తొచ్చింది. తన పక్షమే అనుకున్నాడు. నిజమే, తన పక్షమే. అతను అనుకున్న రకంగా కాదు. పది మంది నోళ్ళు మూసుకుని తనని ఎత్తిపట్టుకున్నారు. తను ఆ భుజాల మీద నిలబడి ఒక మనిషి మీద వేలు చూపించాడు.

ఏదో అనాలి. రాసుకున్న కాగితంలో దీనికి మాట లేదు.

"నేను..." అన్నాడు. ముక్కు తుడుచుకున్నాడు. "సరే," అన్నాడు.

సౌలి లేచి కాఫీ పోసి, కప్పు అతని ముందు పెట్టాడు. కైసు బన్నుల బుట్ట అతని వైపు జరిపింది.

"ఫోల్డరు ఇద్దరికీ తెరుచుకోవాలి," అన్నాడు ఇల్కా కూర్చుంటూ. "ఆమె వినకుండా ఏదీ బయటికి పోకూడదు. పేరు కూడా ఇద్దరిదీ ఉండాలి."

"టైర్లు ఎవరు చూస్తారు మరి?" అంది కైసు.

"పొద్దున్న టైర్లు. మధ్యాహ్నం కాఫీ అయ్యాక గంట నా దగ్గర. అడుగుతున్నాను, చెప్పడం కాదు."

"గంటంటే గంటే."

"గంటే."

మధ్యాహ్నం ఆమె తన కుర్చీ తోసుకుంటూ అతని గదిలోకి వచ్చింది. నురుగు పలకల మధ్య రెండు కుర్చీలు సరిగ్గా పట్టవు. మోకాళ్ళు బల్లకి తగులుతున్నాయి. ఇల్కా ఎస్కార్ట్ తెరిచి, గేరు కూత బొత్తం మీద వేలు పెట్టాడు. మూడో గేరులో లాగాడు. కైసు ముఖం చిట్లించి అరచెయ్యి కిందికి దించింది. అతను తగ్గించాడు. ఇంకా దించింది. ఇంకా తగ్గించాడు. ఆమె వేళ్ళు ఒకచోట ఆగి, గాల్లో అలాగే నిలిచాయి.

"మరీ తగ్గిపోయింది. వెంట్రుకవాసి పైకి. ఆఁ. అక్కడ."

ఇల్కా వేలు తీశాడు. తెర మీద కొమ్ము చిన్న మిట్టగా మారింది. అది ఉందని కంటికి తెలుస్తోంది, అంతే.

"ఎలా ఉంటుంది?" అన్నాడు.

"ఏంటి?"

"అక్కడ, పైన. నేను విన్నది ఎప్పుడో. మరిచిపోయాను."

కైసు కొలతల మనిషి. స్ప్రింగు గట్టిదనం అంకెల్లో చెబుతుంది, టైరు వేడి అంకెల్లో చెబుతుంది. ఆమె మళ్ళీ మూడో గేరు వేయించుకుని విన్నది. మరోసారి విన్నది. తొందరపడలేదు.

"మా అమ్మ కుట్టుమిషన్ తొక్కేది," అంది. "పక్కగదిలో. తలుపు దగ్గరగా వేసి ఉండేది. నేను పడుకుని ఉండేదాన్ని. కుట్టు పొడుగ్గా ఉన్నచోట చక్రం వేగం అందుకుని, ఒక సన్నటి దారంలాంటి చప్పుడు వచ్చేది. మెరుస్తున్నట్టుండేది. నిద్రపట్టేలోపల అదే చివర వినపడేది. అలా ఉంది. కాకపోతే దీని కింద ఇంజనుంది."

ఇల్కా కళ్ళు మూసుకున్నాడు. కుడి పాదం నేల మీద మెల్లిగా నొక్కాడు. ఇంజను లేచింది, నాలుగు వేల దగ్గర కుంటింది, సర్దుకుంది, పైకి పోయింది. దాని మీద, తలుపు అవతల, ఎవరో పొడుగాటి కుట్టు వేస్తున్నారు.

"ఇంకోసారి వేయి," అంది కైసు. "ఈసారి ఆ కుంటుడు ఎక్కడో నాకు చూపించు."